ఫ్యాన్స్ మాటల్లో మర్యాద, గోప్యత: హ్యాండిల్ పెట్టిన రోజు నుంచి వదిలేసే రోజు దాకా

టీజర్ పడిన సాయంత్రం తెలుగు ట్విట్టర్ తెరిస్తే తిరనాళ్లలో నిలబడ్డట్టే ఉంటుంది. (పేరు ఎక్స్ అయినా అందరి నోటా ఇంకా ట్విట్టరే, ఇక్కడా అదే వాడుతున్నాం.) ఆ జనంలో ఈలలు వేసేవాళ్లు, పక్కన నిలబడి చూసేవాళ్లు, జేబులు తడిమేవాళ్లు అందరూ ఉంటారు. హీరో గురించి నాలుగు మాటలు మాట్లాడుకుందామని వచ్చిన కుర్రాడు ఆరు నెలలు తిరిగేసరికి తన కాలేజీ, ఊరు, ఇంటిపేరు, ఫోన్ నంబరు అన్నీ ముక్కలు ముక్కలుగా అక్కడే పారేసుకుంటాడు. వాటిలో ఒక్కటి కూడా ఎవరూ దొంగిలించినది కాదు, తనంతట తానే ఇచ్చుకున్నది. గొడవ వచ్చిన రోజున ఎదుటివాళ్లు ఆ ముక్కలన్నీ ఏరుకొస్తారు.

అభిమానం నలుగురి మధ్య చూపించుకునేదే, అందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. మనిషి వివరాలు మాత్రం ఇంటి గడప లోపలే ఉండాలి. మీవైనా అంతే, మీకు ఒళ్లుమండే యాంటీ ఫ్యాన్‌వైనా అంతే. కింద చెప్పిన మెట్లన్నీ ఈ ఒక్క మాట మీదే నిలబడ్డాయి.

మొదటి మెట్టు: అకౌంట్ కట్టుకోవడం

ఫ్యాన్ అకౌంట్‌కు వేరే మెయిల్ ఐడీ పెట్టుకోండి. బ్యాంకుకు, కాలేజీకి, ఉద్యోగానికి ఇచ్చిన మెయిల్ ఇక్కడ వాడొద్దు.

హ్యాండిల్ (అకౌంట్‌కు పెట్టుకునే @ పేరు) ఎంచుకునేటప్పుడు మూడు తప్పులు ఎక్కువగా జరుగుతుంటాయి. పేరు చివర పుట్టిన సంవత్సరం తగిలించడం ఒకటి. ఏపీ16, టీఎస్08 అని బండి నంబరు జిల్లా కోడ్ పెట్టుకోవడం రెండోది. చూడటానికి గర్వంగా ఉంటుంది గానీ, మీరు ఏ ఊరి చుట్టుపక్కలవారో అక్కడే తేలిపోతుంది. మూడోది ఇంటిపేరు. మన దగ్గర ఇంటిపేరు తెలిస్తే కులం ఊహిస్తారు. ఆ ఊహ ఒకసారి అంటుకుంటే ఆ తర్వాత మీరు సినిమా గురించి ఏం రాసినా దానికే ముడిపెడతారు. సెకండాఫ్ సాగదీశారు అని రాసినా "నువ్వు ఫలానావాడివి కాబట్టే" అని మొదలుపెడతారు. ఇంటిపేరు బయటపెట్టకపోతే ఆ గోలలో సగం మీ దాకా రాదు. ఎదుటివాళ్ల ఇంటిపేరు కూపీ లాగడం కూడా ఇంత మర్యాద తక్కువ పనే.

డీపీగా హీరో ఫొటో పెట్టుకోవచ్చు. అయితే మీరే ఎడిట్ చేసుకున్న ఫొటోను ట్విట్టర్‌లోనూ వాట్సాప్‌లోనూ ఒకేసారి పెట్టొద్దు. అలాంటిది మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది కాబట్టి రెండు చోట్లా ఉన్నది ఒకే మనిషని ఇట్టే తెలిసిపోతుంది.

ఇక సెట్టింగులు. పావుగంట పని.

ట్విట్టర్‌లో "ప్రైవసీ అండ్ సేఫ్టీ" లోపల "డిస్కవరబిలిటీ అండ్ కాంటాక్ట్స్" ఉంటుంది. మెయిల్‌తో, ఫోన్ నంబరుతో మిమ్మల్ని వెతికే వీలు అక్కడే తీసేయాలి. పోస్టుకు లొకేషన్ జోడించడం, ఫొటోలో ట్యాగ్ చేయనివ్వడం కూడా ఆపేయండి. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే ఫ్యాన్ పేజీ అయితే పాస్‌వర్డ్ చేతులు మార్చుకోకుండా, ఎవరి లాగిన్‌తో వాళ్లే పేజీ నడిపే డెలిగేట్ పద్ధతి వాడండి. ఒక అడ్మిన్ తప్పుకున్న రోజే "యాప్స్ అండ్ సెషన్స్"లోకి వెళ్లి పాత లాగిన్‌లన్నీ తీసేయాలి, పాస్‌వర్డ్ మార్చాలి. "మనవాడే కదా" అని వదిలేసిన పేజీలే తర్వాత చేజారిపోతాయి. రెండో తాళంగా అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. ఎస్సెమ్మెస్‌తో వచ్చే కోడ్ 2023 మార్చి నుంచి డబ్బు కట్టే ఖాతాలకే ఉంది.

ఇంకో సంగతి. చాలామంది ఇంకా బ్లాక్ అంటే తలుపు వేసినట్టే అనుకుంటున్నారు. 2024 నవంబరు నుంచి ట్విట్టర్‌లో మీరు బ్లాక్ చేసిన మనిషి కూడా మీ పబ్లిక్ పోస్టులు చదవగలడు, జవాబు మాత్రం ఇవ్వలేడు. చదవనివ్వకూడదనుకుంటే అకౌంట్‌కు తాళం వేయడమే (పోస్టులు ఫాలోయర్లకే కనిపించేలా పెట్టడమే) మార్గం.

టెలిగ్రామ్‌లో "ఫోన్ నంబర్" దగ్గర "నోబడీ" పెట్టండి. దాని కిందే నంబరుతో మిమ్మల్ని ఎవరు వెతకొచ్చో అడుగుతుంది, అక్కడ "మై కాంటాక్ట్స్" ఎంచుకోవాలి. పైది మార్చి కిందిది మరిచిపోయేవాళ్లు ఎక్కువ. అలా వదిలేస్తే మీ నంబరు ఇప్పటికే ఉన్నవాడికి మీ ఫ్యాన్ ఐడీ దొరుకుతుంది. వాట్సాప్‌లో "గ్రూప్స్" దగ్గర "మై కాంటాక్ట్స్", ప్రొఫైల్ ఫొటోకు కూడా అదే. ఇన్‌స్టాలో కాంటాక్టులు సింక్ కాకుండా ఆపేయండి, లేకపోతే మీ ఫ్యాన్ పేజీని మీ పెదనాన్న ఫోన్‌కే సజెస్ట్ చేస్తుంది.

రెండో మెట్టు: ముక్కలు ఎలా కలుస్తాయో చూసుకోవడం

ఒక ఊహాజనిత అకౌంట్ తీసుకుందాం. జనవరిలో: "బెజవాడలో మార్నింగ్ షో, అన్న ఎంట్రీకి పేపర్లు చల్లాం." మార్చిలో: "రేపు థర్డ్ సెమ్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్, విష్ చేయండి బ్రదర్స్." మే నెలలో పుట్టినరోజు విషెస్‌కు థ్యాంక్స్. జూలైలో కాలేజీ బస్సు కిటికీలోంచి వాన వీడియో. ఆగస్టులో ఫ్రెండ్ ఒకడు రిప్లైలో అసలు పేరు పెట్టి పిలిచాడు. అయిదూ మామూలు మాటలే. కలిపితే ఊరు, చదివే సంవత్సరం, పుట్టినరోజు, కాలేజీ, పేరు వచ్చేశాయి. ఇక ఇన్‌స్టాలో ఆ మనిషిని పట్టుకోవడం అయిదు నిమిషాల పని.

అందుకే నెలకు ఒకసారి మీ హ్యాండిల్‌ను మీరే వెతకండి. ట్విట్టర్ సెర్చ్‌లో "from:" అని కొట్టి దాని వెంటే మీ హ్యాండిల్, పక్కన ఊరి పేరు కొట్టండి. తర్వాత కాలేజీ పేరు, ఇంటిపేరు, "మా ఇంట్లో", "మా వీధి", "నంబర్" అనే మాటలు కొట్టండి. వచ్చినవాటిలో అక్కర్లేనివి తీసేయండి. పేరు పెట్టి పిలిచిన ఫ్రెండ్‌కు డీఎంలో చెబితే అతనూ తీసేస్తాడు.

ఇక టికెట్ ఫొటో. బెనిఫిట్ షో టికెట్ దొరికిన సంతోషం ఎవరికైనా ఆగదు, పెట్టొద్దని చెప్పడం లేదు. ఆ చిన్న తెర మీద ఏమేం ఉంటాయో ఒకసారి దగ్గరగా చూడండి. సినిమా, థియేటర్, స్క్రీన్, తేదీ, ఆట టైము, సీటు వరుస, సీటు నంబరు, బుకింగ్ ఐడీ, క్యూఆర్ కోడ్. క్యూఆర్ మీద బొటనవేలు అడ్డం పెట్టి ఫొటో తీస్తే సరిపోదు. క్యూఆర్‌లో కొంత భాగం చెడిపోయినా చదవగలిగేలా అదనపు సమాచారం కలిపి ఉంటుంది, గట్టి రకంలో దాదాపు 30 శాతం పోయినా చదువుతుంది. ఫోన్‌లోని హైలైటర్ పెన్నుతో నల్లగా గీసినా కింద ఉన్నది పూర్తిగా పోదు, వెలుతురు పెంచితే బయటపడుతుంది. కాబట్టి గీయొద్దు, కత్తిరించండి. సినిమా పేరు, తేదీ ఉన్న పై ముక్క చాలు. సీటు నంబరు మాత్రం ఆట అయ్యాక కూడా వద్దు, ముఖ్యంగా అమ్మాయిలు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఫలానా థియేటర్, ఫలానా వరుస అని ముందే చెప్పడం అంటే అపరిచితుడికి దారి చూపించడమే. థియేటర్ ఫొటోలు, కటౌట్ దగ్గర సెల్ఫీలు ఇంటికొచ్చాక పెట్టుకోండి. సందడి రెండు గంటల తర్వాత కూడా అలాగే ఉంటుంది.

మూడో మెట్టు: మాట్లాడటం

తెలియని మనిషిని "నువ్వు" అనకండి. "అండీ" అంటే ఎక్కడా తేడా రాదు. "అన్నా", "బ్రో" అనడం అలవాటే, కానీ హీరో డీపీ వెనక ఉన్నది అక్కో చెల్లో కావచ్చు. అమ్మాయి అని తెలియగానే "ఫేక్ ఐడీ, వాయిస్ నోట్ పంపి నిరూపించు" అనడం తెలుగు ఫ్యాన్స్‌లో పాతుకుపోయిన చెడ్డ అలవాటు. ఎవరూ ఎవరికీ ఏదీ నిరూపించుకోనక్కర్లేదు. సినిమా గురించి చెప్పిన మాట సరిగా ఉందా లేదా అన్నదే లెక్క, చెప్పినవాళ్లు ఆడా మగా అన్నది కాదు. అలా అడిగినప్పుడు అక్కడున్న నలుగురిలో ఒక్కరైనా "అది అడగొద్దు తమ్ముడూ" అంటే చాలు, చాలాసార్లు అక్కడితో ఆగుతుంది.

ఒక పోస్టును కోట్ చేసేముందు (మీ మాట జోడించి మీ ఫాలోయర్లకు చూపించేముందు) ఎదుటి అకౌంట్‌కు ఎంతమంది ఫాలోయర్లున్నారో చూడండి. అరవై మంది ఉన్న అకౌంట్‌లో ఎవరో సినిమా బాలేదన్నారు. మీకు యాభై వేల మంది ఉన్నారు. మీరు కోట్ చేసి ఒక్క నవ్వు బొమ్మ పెడితే చాలు, మీరేమీ తిట్టకపోయినా మిగతావాళ్లు ఆ మనిషి మీద పడతారు. అతను తన అరవై మందితో మాట్లాడుకున్నాడు, అది అందరికీ కనిపించే చోట ఉన్నంత మాత్రాన ఊరంతా లాక్కెళ్లమని కాదు. పెద్ద పేజీని, రివ్యూ రాసి బతికేవాళ్లను పేరు పెట్టి ప్రశ్నించండి, తప్పులేదు. చిన్న అకౌంట్ మాటకు జవాబు చెప్పాలనిపిస్తే పేరు లేకుండా ఆ వాదన మాత్రమే తీసుకుని మీ మాటల్లో రాయండి. స్క్రీన్‌షాట్‌లో పేరు, డీపీ కత్తిరించాం కదా అనుకోవద్దు. అందులోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు వెతికితే అసలు పోస్టు వచ్చేస్తుంది.

ఎక్స్‌పోజ్ థ్రెడ్‌ల సంగతి సూటిగా చెప్పాలి. ఎదుటి ఫ్యాన్ ఫలానా కంపెనీలో చేస్తాడని, ఫలానా ఊరివాడని, వాళ్ల నాన్న ఫలానా అని థ్రెడ్ వేయడం, హెచ్‌ఆర్‌ను ట్యాగ్ చేయడం, కుటుంబ ఫొటోలు పెట్టడం ఏ కారణంతోనూ సమర్థించుకునే పని కాదు. అతను తప్పు చేసినా సరే. బెదిరించాడా, మార్ఫింగ్ చేశాడా, అప్పుడు పోలీసులకు ఇవ్వండి, టైమ్‌లైన్‌కు కాదు. ఒకే పేరున్న ఇంకో మనిషి మీద ఆ థ్రెడ్ పడిందంటే దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు. హీరోల ఇంటి ఆడవాళ్లను, పిల్లలను ఫ్యాన్ వార్‌లోకి లాగడమూ ఇలాంటిదే. ఆ పిల్లలు సినిమాల్లో లేరు.

కలెక్షన్ల గొడవల్లో సగం మాట తేడా వల్లే వస్తాయి. ఒకడు గ్రాస్ చెబుతాడు, ఇంకొకడు షేర్ చెబుతాడు. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. అందులోంచి పన్ను, థియేటర్ వాటా పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఏ ఏరియా అంకె వేసినా పక్కన గ్రాసో షేరో, ఎన్ని రోజులకో, ఎవరు చెప్పారో రాస్తే మర్యాదగా వాదించుకోవచ్చు.

స్పాయిలర్ల విషయంలో అమెరికా తెలుగువాళ్ల మీద బాధ్యత కాస్త ఎక్కువ. అక్కడి ప్రీమియర్లు చాలాసార్లు ఇక్కడి ఉదయం ఆటల కంటే ముందే పడతాయి. మీరు ఇంటర్వెల్‌లో పెట్టిన ఒక్క లైను, ఇక్కడ తెల్లవారుజామున టికెట్ చేతిలో పట్టుకుని నిద్రలేచినవాడి మొహాన పడుతుంది. బాగుందా లేదా చెప్పండి, క్యామియో ఎవరు, క్లైమాక్స్‌లో ఎవరు పోతారు అన్నవి మొదటి ఆదివారం రాత్రి దాకా ఆపండి. ఆ తర్వాత కూడా మొదటి లైనులో స్పాయిలర్ అని రాసి, నాలుగు లైన్లు ఖాళీ వదిలి మొదలుపెట్టండి.

థియేటర్‌లో తీసిన క్లిప్పుల సంగతి మర్యాద దాటి చట్టంలోకి వెళ్లింది. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా తెరను రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా. పై హద్దు సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా ఉంది. తెర కనిపించకుండా జనం గోల, పేపర్లు ఎగరడం తీసుకోండి, హుషారు అందులోనూ వస్తుంది. అయితే పక్కవాళ్ల మొహాలు దగ్గరగా రాకుండా చూసుకోవాలి.

నాలుగో మెట్టు: స్పేస్‌లు

స్పేస్ అంటే ట్విట్టర్‌లో గుంపుగా గొంతుతో మాట్లాడుకునే గది. రాత్రి పదింటికి మొదలై తెల్లవారుజాము రెండు దాకా సాగే స్పేస్‌లో మనుషులు ఇంట్లో కూర్చున్నట్టే మాట్లాడతారు. వచ్చిన తంటా అదే. లోపల మూడు వందల మంది ఉన్నారన్నది గంట గడిచాక ఎవరికీ గుర్తుండదు.

హోస్ట్ చేయాల్సినవి: రికార్డింగ్ పెడుతున్నారో లేదో మొదలుపెట్టకముందే నిర్ణయించుకుని, మొదటి మాటగా అదే చెప్పాలి. అరగంటకోసారి కొత్తగా వచ్చినవాళ్ల కోసం మళ్లీ చెప్పాలి. ఇద్దరు కో-హోస్ట్‌లను పెట్టుకుంటే ఒకరు మైకులు, ఒకరు రిక్వెస్టులు చూసుకోవచ్చు. ఎవరైనా నోరు జారి ఇంకొకరి అసలు పేరో ఊరో చెబితే వెంటనే మ్యూట్ చేసి మాట మార్చండి, "ఆ పేరు ఎందుకు చెప్పావ్" అని మళ్లీ ఆ పేరే పలకొద్దు. స్పేస్ అయ్యాక ఆ రికార్డింగ్ అందుబాటులో ఉంచకండి. మధ్యలోని ఒక్క ముక్క కోసేద్దామంటే కుదరదు, మొత్తం తీసేయడమే.

మాట్లాడేవాళ్లకు: మీ వంతు వచ్చేదాకా మైకు మూసే ఉంచండి. వెనక నుంచి అమ్మ పేరు పెట్టి "అన్నం చల్లారిపోతోందిరా" అని పిలవడం, పక్కనే రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ వినిపించడం, డెలివరీ అబ్బాయికి ఫోన్‌లో ఇంటి గుర్తులు చెప్పడం, ఇవన్నీ వందల చెవుల్లో పడతాయి. రికార్డింగ్ లేదని హోస్ట్ చెప్పినా వినేవాళ్లలో ఎవరో ఒకరు తమ ఫోన్‌లో రికార్డు చేస్తున్నారనే అనుకోండి. ఎవరిదో స్పేస్ మాటను క్లిప్ చేసి పెట్టాలనుకుంటే వాళ్లను అడగండి. ముందూ వెనకా కోసేసిన 20 సెకన్ల క్లిప్ మనిషి అననిదాన్ని అన్నట్టు చూపిస్తుంది.

అయిదో మెట్టు: గ్రూపులు, చందాలు, ఫారాలు

వాట్సాప్ గ్రూపులో చేరిన క్షణం మీ నంబరు అక్కడున్న అందరికీ తెలిసినట్టే. ట్రెండ్ టైమింగ్‌లు, ట్యాగ్ రివీల్ (ట్రెండ్ చేయాల్సిన హ్యాష్‌ట్యాగ్ చెప్పడం) లాంటి ప్రకటనలు పంచుకోవడానికే అయితే గ్రూపు అక్కర్లేదు, వాట్సాప్ చానల్ పెట్టుకోండి. అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు. గ్రూపే కావాలంటే ఇన్వైట్ లింకును ట్విట్టర్‌లో బహిరంగంగా పడేయొద్దు. పొరపాటున పడితే "రీసెట్ లింక్" నొక్కండి, పాతది చచ్చిపోతుంది. గ్రూపులో జరిగిన మాటల స్క్రీన్‌షాట్ బయట పెట్టేముందు అందులో కనిపించే ప్రతి ఒక్కరినీ అడగాలి.

నంబరుతో పోయేది నంబరు ఒక్కటే కాదు. ఆ నంబరు యూపీఐకి కలిపి ఉంటే, దాన్ని ఏ యూపీఐ యాప్‌లో కొట్టినా బ్యాంకు ఖాతాలోని పూర్తి పేరు ఇంటిపేరుతో సహా కనిపిస్తుంది. యాప్‌లో ముద్దుపేరు పెట్టుకున్నా ఉపయోగం లేదు, బ్యాంకు రికార్డులోని పేరే చూపాలని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 జూన్ 30 నుంచి నియమం పెట్టింది. హ్యాండిల్‌లో అంత జాగ్రత్తగా దాచిన ఇంటిపేరు ఇక్కడ ఒక్క క్షణంలో పోతుంది.

కటౌట్‌కో, అన్నదానానికో చందాలు పోగు చేసేటప్పుడు ఈ వరుస పాటించండి. డబ్బు తీసుకునే మనిషి పెద్దవాడై, తన పేరు బయటికి వెళ్తుందని తెలిసి ఒప్పుకున్నవాడై ఉండాలి. నంబరు ముందున్న యూపీఐ ఐడీ కాకుండా మాటలతో ఉన్న ఐడీ తయారుచేసుకోవాలి. పేమెంట్ స్క్రీన్‌షాట్లు కామెంట్లలో అడగొద్దు. వాటిలో పంపినవారి పేరు, బ్యాంకు, ఖాతా చివరి అంకెలు, 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకు ఇచ్చే గుర్తింపు నంబరు) ఉంటాయి. ఆ యూటీఆర్ చూపించి "నేనే పంపాను" అని ఇంకొకడు లెక్కలో దూరవచ్చు. డీఎంలో తీసుకుని, లెక్క మాత్రం అందరికీ కనిపించేలా పెట్టండి: పొడి అక్షరాలు, మొత్తం, తేదీ. ఖర్చు బిల్లులో షాపు పేరు, మొత్తం ఉంచి, సంతకం, ఫోన్ నంబరు కత్తిరించండి. లెక్క చెప్పకపోవడం ఎంత తప్పో, లెక్క పేరుతో ఇచ్చినవాళ్ల వివరాలు పరచడం అంతే తప్పు.

మీటప్‌లకు గూగుల్ ఫారం పెడితే పేరు, ఊరు, వచ్చేది ఎంతమంది, చాలు. ఆధార్, పుట్టిన తేదీ ఎందుకు? సెట్టింగులలో జవాబుల సారాంశం చూపించే మీట ఆపేసి ఉందో లేదో చూడండి. అది తెరిచి ఉంటే నింపిన ప్రతి ఒక్కరూ మిగతావాళ్లు ఏం రాశారో చూస్తారు. షీటును "లింక్ ఉన్న ఎవరైనా" అని వదలొద్దు. కార్యక్రమం అయిన వారంలో షీటు తీసేయండి.

ఆరో మెట్టు: రక్తం కావాలి అనే పోస్టు

తెలుగు ఫ్యాన్స్ చేసే పనుల్లో చెయ్యెత్తి దండం పెట్టాల్సింది ఇది. హీరో ఎవరన్నది మరిచిపోయి అర్ధరాత్రి పరిగెత్తేవాళ్లు ఎందరో. అందుకే ఇది సరిగా జరగాలి.

పోస్టులో ఉండాల్సినవి: రక్తం గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఆసుపత్రి, ప్రాంతం, ఏ తేదీ ఎన్నింటిలోపు, అటెండర్ నంబరు ఒక్కటి (వాళ్లను అడిగాకే). ఉండకూడనివి: రోగి పూర్తి పేరు, జబ్బు వివరం, స్కాన్ రిపోర్టు, ఆధార్ కార్డు, మంచం మీద ఉన్న ఫొటో. జనం నమ్మాలని ఫొటో పెడతారు. నమ్మకం కోసం అయితే షేర్ చేసే పెద్ద పేజీవాళ్లే అటెండర్‌కు ఒక ఫోన్ చేసి, "10:40కి మాట్లాడాం, నిజమే" అని రాస్తే ఫొటో కంటే గట్టిగా పనిచేస్తుంది.

తేదీ, టైము లేని పోస్టుతో వచ్చే నష్టం అందరికీ తెలిసిందే. అది రెండేళ్ల తర్వాత కూడా తిరుగుతూ ఉంటుంది. అప్పటికి ఆ రోగి కోలుకుని ఉండొచ్చు, చనిపోయి ఉండొచ్చు. ఇంకా ఫోన్లు వస్తూనే ఉంటాయి. రక్తం అందగానే అదే పోస్టు కింద "అందింది" అని రాసి, ఓ గంట ఉంచి, అసలు పోస్టు తీసేయండి. షేర్ చేసినవాళ్లు కూడా తమవి తీసేయాలి. ముందు ఆటో డబ్బులు పంపితే వస్తామని అడిగేవాళ్లు ఈ నంబర్లకే ఫోన్ చేస్తారు, అటెండర్‌కు ఆ మాట ముందే చెప్పి ఉంచండి. పోస్టు వేసేలోపు ప్రభుత్వ ఈ-రక్తకోశ్ పోర్టల్‌లో దగ్గర్లోని బ్లడ్ బ్యాంకు నిల్వ చూసుకోవచ్చు. దాతల జాబితాను గ్రూపులో పీడీఎఫ్‌గా వదలొద్దు. ఒక్కరి దగ్గర ఉంచి, అవసరమైనప్పుడు దాతకు ఫోన్ చేసి, ఆయన సరే అంటేనే నంబరు ఇవ్వాలి.

ఏడో మెట్టు: గుంపులోని మామూలు మనుషులు

థియేటర్ బయట పబ్లిక్ టాక్ ఇచ్చినాయన ఆ రోజు సినిమా గురించి రెండు ముక్కలు చెప్పడానికి ఒప్పుకున్నాడు. పదేళ్లపాటు వాట్సాప్ స్టిక్కర్‌గా బతకడానికి ఒప్పుకోలేదు. హీరోను చూసి ఏడ్చిన పిల్ల, కిందపడ్డ కుర్రాడు, ఇలాంటి క్లిప్ మీ దాకా వస్తే మొహం ఎవరిదో మీకు తెలిసినా చెప్పకండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే షేర్ చేయనే చేయొద్దు.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. అలాంటి కుటుంబం ఏ ఫ్యాన్ వార్‌లోనూ ఎవరి చేతిలోనూ ఆయుధం కాకూడదు. ఆసుపత్రి ఫొటోలు, ఇంటి అడ్రసు, బంధువుల మాటల ముక్కలు ఒక హీరోను తిట్టడానికో, ఇంకో హీరోను కాయడానికో తిప్పడం అభిమానం కిందికి రాదు. తప్పు ఎవరిదన్న చర్చ ఆ కుటుంబం ఫొటో లేకుండానే జరుపుకోవచ్చు.

ఎనిమిదో మెట్టు: వివరాలు బయటపడ్డాక మొదటి గంట

ఎవరో మీ నంబరో, ఫొటోనో పెట్టేశారు. చేతులు వణుకుతాయి, జవాబివ్వాలనిపిస్తుంది. జవాబివ్వొద్దు. మీరు ఇచ్చే ప్రతి జవాబూ ఆ పోస్టును ఇంకా పైకి తోస్తుంది, అది మీ వివరమేనని ఒప్పుకున్నట్టూ అవుతుంది.

ముందు ఆధారం. తీసేయమని అడగకముందే స్క్రీన్‌షాట్ తీయండి, అందులో హ్యాండిల్, తేదీ, టైము కనిపించాలి. పోస్టు లింకు, ప్రొఫైల్ లింకు కాపీ చేసి పెట్టుకోండి. హ్యాండిల్ మార్చుకుని పారిపోవడం వాళ్లకు అలవాటు, అందుకే పోస్టు లింకు ముఖ్యం. స్క్రీన్ రికార్డింగ్ ఒకటి తీస్తే ఇంకా మంచిది. ఆ ఫోన్‌ను ఫార్మాట్ చేయొద్దు, అమ్మేయొద్దు. అసలు ఫైళ్లు అందులోనే ఉండాలి.

తర్వాత ఆ పోస్టు మీదే "ప్రైవేట్ సమాచారం" అనే కారణంతో రిపోర్టు. ఫ్రెండ్స్‌ను కూడా సరైన కారణంతోనే రిపోర్టు చేయమనండి, "స్పామ్" అని వంద మంది కొడితే పని జరగదు. పని కాకపోతే ఆ వేదిక గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) రాయండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం పెద్ద వేదికలన్నిటికీ ఆ అధికారి ఉండాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో తెలపాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి వెళ్లొచ్చు.

మార్ఫింగ్ చేసిన నగ్న ఫొటో అయితే స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు, దాని డిజిటల్ ముద్ర మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, రెడిట్ లాంటి భాగస్వాములు ఆ ముద్రతో సరిపోయే వాటిని అడ్డుకుంటాయి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఇలాగే పనిచేస్తుంది.

పోలీసులకు ఇవ్వడానికి సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్ ఉంది. ఆడవాళ్లు, పిల్లలకు సంబంధించిన నేరాలను అక్కడ పేరు చెప్పకుండా కూడా తెలపవచ్చు. డబ్బు పోయి ఉంటే క్షణం ఆగకుండా 1930కి ఫోన్ చేయండి. ఇంటి దగ్గరికి వస్తామని బెదిరిస్తే 112. తెలంగాణలో ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్‌ను కలవొచ్చు. "మా పరిధి కాదు" అని ఏ స్టేషనూ పంపేయకూడదు, నేరం ఎక్కడ జరిగినా జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా నమోదు చేసే ఫిర్యాదు) ఏ స్టేషన్‌లోనైనా రాయాలి.

ఏ సెక్షన్లు వర్తిస్తాయో తెలిసి వెళ్తే మాట త్వరగా సాగుతుంది. మీ పేరుతో ఫేక్ ఐడీ నడిపితే ఐటీ చట్టం 66సీ, 66డీ. ఒంటిలోని ఆంతరంగిక భాగాల చిత్రాలు అనుమతి లేకుండా పెడితే 66ఈ. అశ్లీలానికి 67, 67ఏ. వద్దన్నా వెంటపడటం, ఆమె ఆన్‌లైన్‌లో ఏం చేస్తుందో కాపు కాయడం భారతీయ న్యాయ సంహిత 78 కిందికి వస్తుంది. బెదిరింపు 351, అందులో పేరు దాచుకుని బెదిరిస్తే అదనపు శిక్ష. 66ఏ మాత్రం చెప్పొద్దు, సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.

ఇంట్లో ఒకరికైనా చెప్పండి. ఇంట్లో తిడతారని చిన్నవాళ్లు దాచిపెట్టి, బెదిరించినవాడు అడిగినవన్నీ ఇస్తూ పోతారు. అన్నో అక్కో పక్కన ఉంటే అక్కడే ఆగిపోయే విషయమిది.

తప్పు మీదే అయితే పోస్టు తీసేసి, ఏ చోట పెట్టారో అదే చోట "తప్పు వివరం పెట్టాం, తీసేశాం, షేర్ చేసినవాళ్లు తీసేయండి" అని రాయండి. ఆ మనిషి పేరు మళ్లీ రాయొద్దు. క్షమాపణ డీఎంలో వాళ్లకే.

చివరి మెట్టు: వదిలేసేటప్పుడు

ఉద్యోగం, పెళ్లి, విసుగు, ఏదో ఒకటి వస్తుంది. అకౌంట్ మూసేస్తే అయిపోతుందనుకోవద్దు. ట్విట్టర్‌లో డీయాక్టివేట్ చేసిన 30 రోజుల తర్వాత ఖాతా పోతుంది. ఆ హ్యాండిల్‌ను తర్వాత ఇంకెవరైనా తీసుకోగలిగితే, మిమ్మల్ని ట్యాగ్ చేసిన పాత మాటలన్నీ ఆ కొత్త మనిషివైపు తిరుగుతాయి. కాబట్టి ముందు డేటా ఆర్కైవ్ దించుకోండి. సరదా కబుర్లు, ఫస్ట్ షో ఫొటోలు మీ దగ్గరే ఉంటాయి. తర్వాత పాత పోస్టులు తీసేయండి, గ్రూపుల్లో అడ్మిన్ బాధ్యత ఇంకొకరికి అప్పగించి బయటికి రండి, ఖాతాకు తాళం వేసి, డీపీ తీసి, హ్యాండిల్ అలాగే ఉంచండి. నెలకు ఒకసారి లాగిన్ అయి, పాస్‌వర్డ్ పనిచేస్తోందో లేదో చూసుకుంటే సరిపోతుంది.